పిడికెడు

ఎసట్లో బియ్యం పోసేముందు
ఒక పిడికెడు తీసి పక్కన పెడుతుంది అవ్వ దార్థువామి.
తలుపు వెనక రేకు డబ్బా.
అది దేవుడి డబ్బా.
శనివారం సంఘం ఆడవాళ్ళు గోనెసంచితో వచ్చి
కొలిచి పట్టుకుపోతారు.
పూటకొకటి, రోజుకు రెండు, అరవై ఏళ్ళు దాటి.
వేలికణుపుల మీద లెక్క కట్టబోతే కసిరింది:
"బియ్యం లెక్కపెట్టుకో, ఆయన్ని పెట్టకు."

మా మిజో కొండల్లో వెదురు పూస్తే భయం.
యాభై ఏళ్ళకు కాస్త ముందే
కొండకు కొండంతా ఒకేసారి పూసి, కాయలు రాల్చి ఎండిపోతుంది.
ఆ కాయలు మేసి ఎలుకలు ఇబ్బడిముబ్బడి.
రాత్రి పడుకునేటప్పుడు చేలో వరి.
తెల్లారి చూస్తే గడ్డి.

మొదటి పూతకు ఆమెకు పదకొండేళ్ళు.
మూడు నీళ్ళు వార్చినా చేదు వదలని అడవిదుంపలు,
బుట్ట అడుగున నాలుగు గింజలు.
అప్పుడూ వాళ్ళమ్మ పిడికిలి పట్టి డబ్బాలో వదిలేది.
పిడికిలి చిక్కిపోయింది, అంతే.

తమ్ముడు జ్వరంలో కలవరిస్తున్న రాత్రి
ఆమె లేచింది.
మూత చప్పుడవకుండా తిప్పింది.
దేవుడి బియ్యం దొంగిలించి గంజి కాచింది,
నిప్పు ఊదుతూ, చూరు కేసి చూస్తూ,
ఎప్పుడు మీద పడుతుందోనని.
పడలేదు.
తమ్ముడు రెండు గుక్కలు తాగాడు.
కోడి కూసేసరికి లేడు.

ఈ మాట దగ్గర అవ్వ ప్రతిసారీ ఆగుతుంది,
పొయ్యిలో కట్టె ఎగదోస్తుంది.
"నీ దొంగతనం వల్లే పోయాడనుకున్నావా?"
"ఏడాది అనుకున్నా.
ఆ ఏడాదంతా ఆయనతో మాట్లాడలేదు.
మందిరంలో పెదాలు కదిపేదాన్ని.
డోలు వినపడేది, ఇంకేమీ వినపడేది కాదు."

ఒక సాయంత్రం దుంపలు చెక్కుతూ
వాళ్ళమ్మ తల ఎత్తకుండానే అందట:
"ఆ రాత్రి నేను నిద్రపోలేదు.
మూత వదులు చేసి పెట్టింది నేనే.
ఆయనకు ఆకలి లేదు. వాడికుంది."

మర్నాడు ఎసట్లో పోసేముందు
మొదటిసారి తన చేత్తో పిడికెడు తీసింది అవ్వ.
భయపడి కాదు, బాకీ తీర్చుకోవడానికీ కాదు.
ఎందుకో అడిగితే నాకేం తెలుసంటుంది.
చెయ్యి ముందు నడిచిందట, మనసు వెనకాల వచ్చిందట.
కొన్ని రోజులు రాలేదట కూడా.
తాతయ్య లారీ లోయలో పడిన వారం
చెయ్యి ఒక్కటే వెళ్ళొచ్చింది డబ్బా దాకా.

రెండో పూత నాకు గుర్తు.
తోకకింత అని సర్కారు డబ్బులిస్తే
మేం పిల్లలం ఎలుక తోకలు కట్టలు కట్టేవాళ్ళం.
అవ్వ మాత్రం రాత్రిపూట
మూత వదులు చేసి, తలుపు గడియ తీసి పడుకునేది.
రెండు తెల్లవారుజాముల్లో డబ్బా తేలికగా తగిలింది.
ఎవరని ఆరా తీయలేదు.
ఆ రెండు పొద్దులూ కూనిరాగం తీస్తూ అన్నం వండింది.

ఇప్పుడు పక్షవాతం.
కుడిచెయ్యి మూసుకోదు, ఎడమది వణుకు.
అరచేతిలో బియ్యం పోసి
ఒక్కొక్క వేలూ నేనే మడుస్తాను,
మణికట్టు పట్టుకుని డబ్బా వైపు నడిపిస్తాను.
దారిలోనే వేళ్ళు విచ్చుకుంటాయి.
మా నేల వెదురుబద్దలది.
సందుల్లోంచి గింజలు కిందికి జారితే
ఇంటి కింద కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ పరిగెత్తుకొస్తాయి.

నాకు ఏడుపొస్తుంది.
ఆమెకు నవ్వొస్తుంది, సగం పెదవితో.
వాటి కొట్లాట కాసేపు విని,
డబ్బా కేసి చూసి,
"మళ్ళీ" అంటుంది.

మళ్ళీ మడుస్తాను.