అర మార్కు

మార్జిన్ వదలాలి. నీలి పెన్సిల్ చెక్కుకుని రావాలి.
నదికి అర మార్కు.
ఏప్రిల్లోనే చెప్పాను ఏడో తరగతి బి సెక్షనుకి.

రూవీలో రాత్రి పదకొండు.
ఏసీ గాలికి రెపరెపలాడే ముప్పై ఎనిమిది ఇండియా పటాలు.
గంగ సరే. గోదావరి కాస్త వంకర, పోనీలే.
షాయిస్తా మాత్రం పెన్నను
చుక్కలు చుక్కలుగా గీసింది.
"గీత తెగకూడదు" అని ఎర్రగా రాసి
కోసేశాను.

అప్పుడు కనబడ్డాయి, అంచున సన్నటి అక్షరాలు:
'వానొస్తేనే నీళ్లంట టీచర్,
మా ఇంటెనక వాదీ లాగ. అమ్మ చెప్పింది.'

ఆ పిల్ల పుట్టింది మస్కట్లో.
జమ్మలమడుగు దాన్ని నేను,
ఆ ఇసకలో చెలమ తోడి
బిందె నింపినదాన్ని.

ఎర్ర సిరా చెరిపితే పోదు.
పక్కనే ఇంకో అర వేసి
మొత్తం మళ్లీ కూడాను.

రేపు మిగతా ముప్పై ఏడుమందీ అడుగుతారు.