ఇద్దరు ఇందుమతులు

ఆవిడ రిటైరవడానికి ఇంకా పదకొండు రోజులు.
లైబ్రరీ కింది అంతస్తులో
ఉప్పుగాలికి తుప్పెక్కిన కిటికీ పక్కన కూచుని
ముప్పై ఏళ్ళ పనిని పట్టికలో ఎక్కిస్తున్నాను.
నా ఉద్యోగం అదే.
ఎవరు ఎన్ని పత్రాలు రాశారు,
వాటిని ఎందరు ఎన్నిసార్లు తలిచారు.

మొదటిరోజే చిక్కొచ్చింది.
కంప్యూటర్లో ఇందుమతులు ఇద్దరున్నారు.
సువ్వారి ఇందుమతి అని రాస్తాం మనం, ఇంటిపేరు ముందు.
ఆ యంత్రానికి వెనకున్నదే ఇంటిపేరు.
ఒకచోట ఆవిడ ఎస్. ఇందుమతి,
ఇంకోచోట ఐ. సువ్వారి.
ఒకావిడవి పదిహేడు పత్రాలు, రెండో ఆవిడవి ఇరవై రెండు.
ఇద్దరూ ఒకే విశాఖలో, ఒకే రేవులో,
ఒకే గుల్లల మీద
ఒకరికొకరు ఎదురుపడకుండా పనిచేశారు.
పైగా ఒకర్నొకరు ఉదహరించుకున్నారు కూడా!
ఇద్దర్నీ కలపగానే
ఆ తొమ్మిది సైటేషన్లూ సొంత డబ్బా కింద కొట్టుకుపోయాయి.

"మేడమ్, తొమ్మిది తగ్గాయి" అన్నాను ఫోన్లో.
"తగ్గనీ. మనిషిని ఒక్కర్ని చేశావు కదా" అంది.

పట్టిక అడుగున ఒక గడి:
అన్ని శాఖలతో పోల్చి మార్కు వెయ్యాలట.
వైద్యంలో వంద అంటే తుంపర.
గణితంలో పది వస్తే గెడ్డ పొంగినట్టు.
ఫిషింగ్ హార్బర్లో
వంజరాన్నీ నెత్తళ్ళనీ ఒకే ధరకి పాడమంటే
ఏ బేరగత్తె ఊరుకుంటుంది?
నేను ఊరుకున్నాను. జీతగాణ్ణి.

తొంభై ఒకటిలో అచ్చయిన ఏడు పేజీలు,
తెప్ప చెక్కకి గుల్ల ఎలా అతుక్కుంటుందో.
పదిహేనేళ్ళు ఎవరూ ముట్టలేదు.
తర్వాత ఎక్కడో జిగుర్ల రసాయనం చేసేవాడొకడు ఎత్తుకున్నాడు,
వాడి దగ్గర్నించి పళ్ళ డాక్టర్లు,
వాళ్ళ దగ్గర్నించి కుట్లు లేకుండా గాయం మూసేవాళ్ళు,
ఆ తర్వాత ఓడల రంగులవాళ్ళు
(వీళ్ళకి మాత్రం అతుక్కోకూడదు).
నాలుగువందల ముప్పై ఒకటి.
రెండుసార్లు సరిచూశాను.

ఆవిడకి ఇష్టమైంది అది కాదు.
లాసన్స్ బే రాళ్ళమీద, ఒకే చదరపు మీటరు మేర,
పన్నెండేళ్ళు ప్రతి అమావాస్య పాటుకీ వెళ్ళి
వంగి లెక్కపెట్టిన గుల్లల పత్రం.
హుద్‌హుద్ వెళ్ళిన పదకొండో రోజున కూడా వెళ్ళింది,
రోడ్డుకడ్డంగా పడ్డ మానులు దాటుకుంటూ.
ఆ రోజు లెక్క, సున్న.
ఆ పత్రానికి సైటేషన్లు నాలుగు.
మూడు ఆవిడవే.
నాలుగోవాడు సంవత్సరం తప్పు రాశాడు.

నిన్న సాయంత్రం ఆవిడే వచ్చింది.
చేతిలో అట్ట ఊడిన నోటుబుక్కు,
తిప్పుతుంటే నా బల్లమీద ఇసక రాలింది.
ఎనభై తొమ్మిది, ఫిబ్రవరి.
పెన్సిలుతో, విన్నది విన్నట్టు:
"పున్నమి పోటుకి దింపిన చెక్కకి బేగి పడతాది గుల్ల.
మామిడి చెక్కయితే గీకినా ఒగ్గదు."
కింద పేరు. తెడ్డు పరసయ్య, పెద జాలారిపేట.

"ఆ ఏడు పేజీలూ ఈ రెండు ముక్కలకి సాగదీతే" అంది.
అచ్చులో మాత్రం అతను
ఆఖరి పేజీ ఆఖరి వరసలో
స్థానిక మత్స్యకారుడు ఒకరు.
ఎందుకని నేను అడగలేదు.
ఆవిడే చెప్పింది, గైడు కొట్టేశారని.
కాసేపాగి,
"నేను తిరిగి రాయలేదు" అంది.

పరసయ్య లేడు. తెప్పలూ లేవు.
ఇప్పుడన్నీ ఫైబరు పడవలు, వాటికీ పడుతుంది గుల్ల.

"ఎక్కడన్నా ఎక్కించగలవా?"

సహరచయితల గడి మూసేశారు.
పేటెంట్లలో పట్టడు, పురస్కారాల్లో పట్టడు.
ఇతర వివరాలు అని ఒకటుంది, నలభై అక్షరాలు.
ముందు అతని మాట కొట్టాను, పేరుకి చోటు చాల్లేదు.
మాట తీసేసి పేరు కొట్టాను,
ఇంటిపేరు ముందు.
వేలు అక్కడే ఆపి ఆవిడ వైపు చూశాను.
"అలాగే ఉంచు" అంది.

ఇవాళ పొద్దున్న యంత్రం జవాబిచ్చింది:
టి. పరసయ్య.
పత్రాలు, సున్న.