ఫిబ్రవరి గడి

పాత క్యాలెండర్ వెనక పన్నెండు గడులు గీశాను.
జూన్‌లో వాన లిల్లీలు, తొలి జల్లుకే లేచేవి.
ఆశ్వయుజంలో పారిజాతం, దాని కింద గునుగు
(అది నేను రాయలేదు, తనే వస్తుంది).
చలికి చామంతి. ఎండలకు మల్లె,
గేటు మీద మే నెలంతా కాగితంపూల మంట.
మిగిలిన సందుల్లో నందివర్ధనం,
చుట్టాలెక్కువైతే పరిచే చాపలా.

ఫిబ్రవరికి ఆ చాప చాల్లేదు.
చామంతి ఎండిపోయి, మల్లె ఇంకా మొగ్గ కట్టక,
దేవగన్నేరు ఒట్టి కొమ్మలతో
అల్వాల్‌లో మా పెరడు
అద్దెవాళ్లు ఖాళీ చేసిన వాటా.

మట్టి దింపడానికొచ్చిన మొగిలయ్య
గడులు చూసి నవ్వాడు.
"అన్నీ పూలే రాస్తివి గదమ్మా,
గీ గుండు యాడ వాయె?"

మూలనున్న బండ.
పగలగొట్టించాలని మూడుసార్లు బేరమాడి
డబ్బు చాలక వదిలేసింది.

ఇవాళ ఫిబ్రవరి పదకొండు.
ఆకుల అడ్డం లేని దేవగన్నేరు నీడ
బండ మీద కొమ్మకు కొమ్మ విడివిడిగా పడింది.
తొండ ఒకటి ఆ నీడకొమ్మెక్కి కూర్చుంది.
గడిలో ఏం రాయాలో తోచక
పెన్సిలు చెవిమీదే ఉంచుకుని
కాఫీ చల్లారిందాకా చూశాను.