మడత

జూన్ నడిమధ్య ఒక సాయంత్రం
తీసా నది పూస్తుంది.
పూలు కావవి. మూడేళ్లు గట్టు బంకమట్టిలో
బొరియలు తవ్వుకుని బురద తిని బతికిన పురుగులు
ఒక్క పూటకని రెక్కలు తొడుక్కుని పైకి రావడం.
ఇక్కడివాళ్లకవి తీసా పువ్వులు,
మా ప్రయోగశాలలో మేఫ్లైలు.

వెండెల్ తాత పడవలో
ఒకదాన్ని దూదిమీద పడుకోబెట్టి
భూతద్దం దించాను దాని భుజంమీదికి.
రెక్క మొదట్లో చిన్న చిన్న పలకలు,
ఎవరో కొరికి ఉమ్మేసిన పొద్దుతిరుగుడు పెచ్చుల్లా.
పక్క సీసాలో తూనీగ.
దానికి రెండే, తలుపు రెక్కలంత వెడల్పు.

ఈగకీ తేనెటీగకీ పేడపురుగుకీ
మూడో పలకకి ఒక చిన్న కండ అతుక్కుని ఉంటుంది.
అది లాగితే రెక్క వెనక్కి తిరిగి
వీపుమీద సర్దుకుంటుంది.
అలా సర్దుకునే కదా అవి
బెరడు కిందా, ఆకు సందుల్లో, మన వంటిళ్లలో దూరాయి!
ఈ రెంటికీ ఆ మడత రాదు.
తూనీగ చేతులు బార చాపుకునే నిద్రపోతుంది.
మేఫ్లై, తెరచాప దించడం తెలియని పడవ.

"పుట్టుకతోనే రాదా బొర్బాలా,
మధ్యలో మరిచిపోయాయా?"
పన్నెండేళ్లుగా నా జీతమంతా ఆ ప్రశ్నే, తాతా.
బొగ్గుగనుల రాళ్లలో
జానెడున్నర రెక్కలు దొరికాయి, ముప్పై కోట్ల ఏళ్లవి.
ఈనె ఈనే చదవొచ్చు.
భుజం దగ్గరికొచ్చేసరికి రాయి నసుగుతుంది.

ఆయన తోలు ఒరలోంచి కత్తి తీశాడు
పందికొవ్వు కోయడానికి.
వాళ్ల తాతదట. మడవదు.
చేసినవాడే అలా చేశాడా?
"ఏమో, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే."
తీసుకుని తుప్పు గీకాను.
అలుగు పక్కన, పిడికి దగ్గరగా
గోరు పెట్టి లాగే గాడి.

ఉల్లిపాయ ముక్క నోట్లోనే ఉండిపోయింది నాకు.
మడిచే కత్తికే గాడి కావాలి.
మళ్లీ వంగాను దూదిమీదికి,
ఆ పెచ్చుల మధ్య
ఎక్కడైనా ఒక గోరుగాడి...
ఉన్నట్టే ఉంది.
నీడ కూడా కావచ్చు.
పొద్దు వాలిపోతోంది.

అప్పుడు లేచాయి.
నీటిమీద నీరు కనిపించలేదు.
రెక్కాడితేగానీ డొక్కాడదంటారు,
వీటికి తినే నోరే లేదు, వట్టి రెక్కాటే.
ఆడవి ఏటికి ఎదురు వెళ్లాయి, గుడ్లు మోసుకుని.
ఒక మగది నా చొక్కా చేతిమీద వాలి
ఒళ్లంతా మరోసారి ఒలుచుకుంది,
రెక్కలు వచ్చాక కూడా కుబుసం విడిచే జాతి ఇదొక్కటే,
రెక్కల పైపొర కూడా ఒలుచుకుని
మెరుస్తూ పోయింది.

తాత కత్తి తుడిచి ఒరలో పెట్టాడు.
పడవ గట్టుకి తగిలేదాకా
నేను చొక్కా చెయ్యి కదపలేదు.
రెక్క మడవదు సరే,
అది వదిలేసి వెళ్లిన పొర మాత్రం
లాంతరు వెలుగులో చూస్తే
మడతలు మడతలుగా ఉంది.