నాలుగోసారి

పాట కావాలని ఎవరూ అడగలేదు.
ఒక్క స్వరం. మళ్ళీ అదే స్వరం.
మెల్లగా నాలుగుసార్లు, మధ్యస్తంగా నాలుగుసార్లు,
గట్టిగా నాలుగుసార్లు. ఆపైన
కమాను ఎత్తి, చర్చి గోడలు ఆ మోతను పూర్తిగా మింగేదాకా
బొమ్మల్లా కూర్చోవాలి.
రీగాలో, జనవరి చివర, దౌగవ నది గడ్డకట్టిన వారం
నలభైమంది తీగలవాళ్ళు నాలుగు రోజులు
అలా కూర్చున్నారు.
హీటర్ ఆపేశాం, దాని గురక మైకులకు పడదని.
ఫ్లాస్కు మూత కూడా విరామంలోనే తిప్పాలి.
గుగ్గిలం పొడి నల్లకోట్ల మీద
రాలని మంచులా ఉండిపోయింది.

నా పని ఆ తర్వాత మొదలైంది.
బఠాణీల్లో రాళ్ళు ఏరినట్టు
పద్నాలుగు వేల ముక్కల్లోంచి
మనుషుల్ని ఏరేయడం.
కుర్చీ కిర్రు. ముక్కు చీదడం. మలుపులో ట్రామ్.
ఎవరిదో మోకాలు. ఎవరి పొట్టలోనో ఆకలి.
"శుభ్రంగా ఉండాలి" అన్నాడు ఇంగుస్.
డబ్బు అతనిది, చెవులు నావి.
ఏప్రిల్ దాకా కోశాను.
ఇంట్లో మా ఆయన సూప్ జుర్రినా
నా చెయ్యి మౌస్ కోసం వెతికేది.

వెల్టా గారిది వయొలాల్లో ఆఖరి కుర్చీ,
మైకు సరిగ్గా ఆమె తల పైన.
మూడో రోజు సాయంత్రం, అడుగు తీగ, మెల్లగా, నాలుగోసారి.
కమాను తీగను వదిలింది. గోడలు ఇంకా నములుతున్నాయి.
అప్పుడొకటి.
నిట్టూర్పు అనలేను, అంత బరువు లేదు దానికి.
బిగుతు బూటు లేసు విప్పుకున్న మనిషి
లోపలికి తీసుకునే గాలి, అంతే.

ఎందుకుంచానని అడక్కండి.
ఆమెతో నేను మాట్లాడింది ఒక్కసారి,
కోటు తగిలించే కొక్కెం ఊడిందని.
రెండుసార్లు కోశాను, రెండుసార్లు అతికాను.
"శుభ్రం" అని పేరు పెట్టి దాచేశాను.

రోజుకూలి చెల్లించారు, సంతకాలు తీసుకున్నారు.
ఈ పదకొండేళ్ళలో వెల్టా గారు
ఏ దేశపు సబ్బు ప్రకటనలో వాయించారో,
ఏ యుద్ధం ఆటలో, ఎవరి పెళ్ళి వీడియో అడుగున,
ఆమెకే తెలీదు.
మొన్న బజార్లో బీట్‌రూట్ బేరమాడుతూ కనిపించారు.
నేను పలకరించలేదు.

మా గోడ అవతల రైటిస్. పందొమ్మిదేళ్ళు.
పగలు పార్శిళ్ళు మోస్తాడు,
రాత్రి ఆ నలభైమందినీ లాప్‌టాప్‌లో కూర్చోబెడతాడు.
వాళ్ళు టీ అడగరు. ఇంటికెళ్ళాలనరు.
వేలు పెడితే లేస్తారు, తీస్తే లేరు.
మెట్ల మీద నన్ను ఆపాడు:
"మీరు సౌండు పని చేసేవారట. వయొలాలో ఒక స్వరం పాడైంది.
లోపల ఎవరో ఉన్నారు."
కంపెనీకి రాయమన్నాను.
"రాశాను. వాళ్ళకు వినపడలేదట."
హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టాడు.
నాకూ వినపడలేదని చెప్పాను,
ఆ గాలి నా మెడకు తగులుతుండగా.

ఆ రాత్రి అతను పాట మొత్తాన్నీ అరమెట్టు పైకి జరిపాడు.
తెలివైనవాడే.
కానీ పాట బిగుసుకుంది, తమ్ముడి చొక్కా తొడుక్కున్నట్టు.
ఆపేశాడు. కుర్చీ జరిగింది. కాసేపు ఏమీ లేదు.

మీకు చెప్పలేదు కదూ,
ఒకే మెట్టు ఎన్నిసార్లు నొక్కినా
ఒకే ముక్క రాదు. నాలుగూ వంతులవారీగా వస్తాయి.
యంత్రంలా వినిపించకూడదని మేమే అలా అమర్చాం.

ఇప్పుడు గోడ అవతల అడుగు తీగ. ఒంటిగా. మెల్లగా.
ఒకటి.
పూర్తిగా ఆగేదాకా ఆగి, రెండు.
మూడు.

గిన్నెలు కడుగుతున్నదాన్ని
కుళాయి కట్టేశాను.