వేలిముద్ర

దుగ్గిరాల లాకుల దగ్గర, కాలవ కట్ట మీద
మిషను మూడోసారీ ఒప్పుకోలేదు
చెంచులమ్మ బొటనవేలిని.

తుడిచి పెట్టమన్నాను.
తుడిచింది. నవ్వింది.
"మట్టి కాదమ్మా, వేలే అంత."

గడ్డపలుగుతో, ఒట్టి చేత్తో
ఎలకబొక్కలు తవ్వీ తవ్వీ
గీతలన్నీ ఏ రైతు గట్టులోనో రాలిపోయాయి.

శాశ్వత చిరునామా: గడి ఖాళీ.
పోయినేడు కట్టకి అవతల,
అంతకు ముందు వంతెన కింద.

ఫారాలు సంచిలో సర్దుకుంటుంటే అడిగింది:
"ఎలక్కి ఎన్ని దారులుంటయ్యో తెలుసా?
ఒక బొక్క మూస్తే ఇంకోటి తీస్తది.
గుంటూర్లో మీ ఆఫీసుకి
ఒకటే తలుపా?"

నాకు జవాబు రాలేదు.

రేపు ఏడింటి ప్యాసింజరుకి
ఇద్దరం వెళ్తున్నాం.
టిక్కెట్లు తనే తీస్తానంది,
పీతలమ్మిన డబ్బుల్తో.