బాణం గుర్తు

బోహికాన్‌లో ఎర్రదుమ్ము లేవకముందే
సెజ్రో బండి తోసుకుంటూ వచ్చాడు.
నిన్న మూడుసార్లు ఆగిందట,
మూడోసారి వెనక సీటు మీద నిండు చూలాలు.

హూఎఫా ట్యాంకు కుళాయి కట్టేసి
రబ్బరు గొట్టాన్ని బ్లేడుతో రెండు చేసింది.
నడుమ ఫిల్టరు. బాణం కార్బురేటర్ వైపు.
అటో క్లిప్పు, ఇటో క్లిప్పు.
"గొట్టం మెలికపడిందా, మళ్ళీ నా దగ్గరికే వస్తావ్."

కుళాయి తిప్పింది.
పసుపుపచ్చగా దిగింది పెట్రోలు.
కాగితం మడతల్లో
తుప్పు, ఇసుక, ఓ చీమకాలు.

"ఎక్కడ పోయించావ్?"
అతను తల గోక్కున్నాడు.

రోడ్డవతల గొడుగు కింద
గాజుసీసాలు వరస పెడుతోంది
హూఎఫా వాళ్ళమ్మ.

అమ్మ అమ్మిందే.

డబ్బులు సగమే తీసుకుంది.
పొద్దువాలాక గొడుగు కిందికి వెళ్ళి
ఏమీ అనకుండా
తన తలగుడ్డ చింపి
గరాటు మూతికి కడుతోంది.